మూత్రం పైపు ఎన్ని రోజులు?



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. పెద్ద వైద్యం దగ్గరికి వచ్చింది. అయినా రాత్రీ పగలూ రోగి మంచం పక్కన ఉండేది ఇంటివాళ్లే. ఈ మాటలు వాళ్ల కోసం.

ఒక ముసలాయన జారిపడి తుంటి ఎముక విరిగిందనుకోండి. దవాఖానలో చేర్చారు. కోడలు తోడుగా ఉంది. ఆయన లేవలేడు. అందుకని మూత్రం దారిలో మెత్తని పైపు వేశారు. దీన్ని కెథీటర్ అంటారు. పైపు చివర సంచి ఉంటుంది. పెద్దాపరేషన్ కాన్పుకూ ఈ పైపు వేస్తారు.

పైపు మేలు చేస్తుంది. కానీ క్రిములకు అదే దారి. అవి పైపు గోడకు పాచిలా పట్టి, మెల్లగా లోపలికి పాకుతాయి. పైపు ఉన్న ప్రతి రోజూ నూటికి 3 నుంచి 7 మందికి కొత్తగా మూత్రంలో క్రిములు చేరతాయి. నెల గడిస్తే దాదాపు అందరికీ చేరతాయి. క్రిములు చేరిన అందరికీ జబ్బు రాదు. కానీ కొందరిలో అవి కిడ్నీలకు, నెత్తురులోకి పోతాయి. అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

మరి కోడలు ఏం చెయ్యాలి?

పైపు, సంచి ముట్టే ముందు, ముట్టిన తర్వాత సబ్బుతో చేతులు కడగాలి.

సంచి ఎప్పుడూ రోగి నడుము కంటే కిందికి ఉండాలి. కానీ నేలకు తగలరాదు. ఎక్స్‌రేకు తీసుకుపోయేటప్పుడు సంచిని పొట్ట మీద పెట్టరాదు. సంచిలోని మూత్రం వెనక్కి పోతుంది.

పైపు మెలిక పడరాదు. పైపు నుంచి సంచిని ఊడదీయరాదు. సంచి నిండకముందే కింది మూత తిప్పి ఖాళీ చెయ్యాలి. ఒక రోగికి వాడిన గిన్నె ఇంకొకరికి వాడరాదు.

చలిజ్వరం, పొత్తికడుపు నొప్పి, నడుం పక్కల నొప్పి, తికమక మాటలు కనిపిస్తే వెంటనే సిస్టర్‌కు చెప్పాలి. మెడికల్ షాపులో సొంతంగా మందు కొనరాదు. సరిపడని మందు వాడితే క్రిములు మందుకు లొంగకుండా పోతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. పైపు వేసిన తేదీ తెలుసుకోవాలి. కాగితం మీద రాసుకోవాలి. రోజూ లెక్క చూసుకోవాలి. డాక్టరు వచ్చినప్పుడు అడగాలి: "సార్, ఈ పైపు ఇంకా అవసరమేనా?"

అడగటం తప్పు కాదు. పనుల ఒత్తిడిలో పైపు సంగతి మరుగున పడవచ్చు. అవసరం తీరిన పైపు ఒక్క రోజు ఎక్కువున్నా అపాయమే. అయితే సొంతంగా లాగరాదు. లోపల నీళ్లు నింపిన బుడగ ఉంటుంది. లాగితే గాయమై నెత్తురు కారుతుంది. సిస్టరే తియ్యాలి.

తేదీ రాయటానికి పెద్ద చదువు అక్కరలేదు. నేర్చుకున్న అంకెలు చాలు. మీ వాడలో ఎవరైనా దవాఖానకు పోతుంటే ఈ సంగతి చెప్పి పంపండి.