ఇంట్లో కూర్చుని రోదసీయానం



ఆటలనగానే మన కోనసీమ ఆడవాళ్ళకి గుర్తొచ్చేవి గవ్వలు, వామనగుంటలు, అష్టాచెమ్మా. మహా అయితే పేకముక్కలు, అవీ సంక్రాంతి నాలుగు రోజులూను. కంప్యూటరు ఆట అంటే మాత్రం కుర్రకుంకల వ్యవహారమని తీసిపారేస్తాం. ఢాం ఢాం అని తుపాకులు పేల్చుకునే ఆటల్ని నేనూ వెనకేసుకు రాను. కాని వాటిలోనే ఇంకో రకం ఉంది. అందులో చంపుకోవడాలు లేవు, పరుగులు లేవు. రోదసీ నౌకని నడపడమే పని. నలభై దాటిన ఇల్లాలికి ఇంతకన్నా సరిపడే ఆట నాకు కనపడలేదు.

2020 మే నెలలో, కరోనా వల్ల అందరం తలుపులు వేసుకు కూర్చున్న రోజుల్లో, అమెరికాలోని స్పేస్ఎక్స్ సంస్థ ఒక ఆటని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. వాళ్ళ డ్రాగన్ నౌకని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి జతచెయ్యడం అందులో పని. ఆ నెల 30వ తేదీనే ఇద్దరు వ్యోమగాములు నిజంగా ఆ నౌకలో బయల్దేరారు. వాళ్ళ ముందుండే తెరని పోలిన తెరే మన ముందూ కనిపిస్తుంది. అమలాపురంలో మా ఇంట్లో ముందు పిల్లలిద్దరూ దాని మీద పడ్డారు, తర్వాత నేను.

అందులో ఏముందంటారా? ఎదురుగా దూరాన అంతరిక్ష కేంద్రం, కింద నీలంగా భూమి. ఎడమ వైపు మీటలు నౌకని ముందుకీ వెనక్కీ పక్కలకీ జరుపుతాయి, కుడి వైపువి దాని మూతిని తిప్పుతాయి. మధ్యలో కొన్ని ఆకుపచ్చ అంకెలుంటాయి. అవన్నీ 0.2 కన్నా తగ్గి ఉండగా మెల్లిగా వెళ్ళి ఆనుకుంటే జత కుదిరినట్టు. లేదా గుద్దుకుంటుంది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళినవాళ్ళకి ఇందులో కిటుకు చప్పున అర్థమవుతుంది. ఒడ్డు దగ్గరకొస్తుండగా ఇంజను తగ్గించేస్తారు. మిగతా పని గోదారి నీళ్ళు చూసుకుంటాయి, పంటు దానంతటదే నెమ్మదిస్తుంది. రోదసిలో నీళ్ళూ లేవు, గాలీ లేదు. ఒక్కసారి తోశామా, నౌక అలా పోతూనే ఉంటుంది. ఆపాలంటే అంత బలంతోనూ ఎదురు తోపు తొయ్యాలి. అంటే ప్రతి తోపూ ఒక చేబదులే, తీర్చక తప్పదు. కొత్తవాళ్ళు కంగారుపడి టకటకా నొక్కేస్తారు. నౌక అటు పోయిందని ఇటు నొక్కుతారు, ఇటు వచ్చిందని అటు నొక్కుతారు. అప్పు మీద అప్పు!

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళని చూశారా? పల్చటి పిండిలో గుడ్డ ముంచి, కాగిన కుండ మీద ఒక్కసారి అలా వెయ్యగానే రేకు వచ్చేస్తుంది. చెయ్యి బరువైతే రేకు కాదు, అట్టే! ఈ ఆటకీ ఆ చెయ్యే కావాలి. ఒక్కసారి నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చోవాలి. ఆ చూడ్డంలోనే ఉంది సుఖమంతా. గదిలో దీపం ఆర్పి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే కాసేపటికి కుర్చీ, బల్ల, గోడ అన్నీ మాయమైపోతాయి. ఆ ఉక్కు గూడు మన వైపు అంగుళం అంగుళంగా పెరుగుతుంటే, చెప్పొద్దూ, ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోతాం.

దీని తర్వాత పెద్ద ఆటలున్నాయి. మార్టిన్ ష్వైగర్ అనే శాస్త్రజ్ఞుడు తయారుచేసిన 'ఆర్బిటర్' 2000 సంవత్సరం నుంచీ ఉచితంగానే దొరుకుతోంది. 2015లో పూర్తి రూపంలో వచ్చిన 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్' మటుకు కొనుక్కోవాలి. అందులో ఆకుపచ్చ బొమ్మ మనుషులకి మనమే రాకెట్లు కట్టిపెట్టాలి. వాళ్ళలో వాలెంటీనా అని ఒక ఆడ పైలట్ కూడా ఉంది. ఆ పేరు వింటే 1963లో రోదసికి వెళ్ళిన మొదటి మహిళ వాలెంటీనా తెరిష్కోవా గుర్తుకు రాకమానదు.

"ఆ కేంద్రం కింద పడదుటే?" అని మా అత్తయ్యగారు అడిగారు. "పడుతూనే ఉందండీ, అత్తయ్యగారూ" అన్నాను. చెట్టెక్కి కొబ్బరికాయని విసిరితే కొంత దూరంలో పడుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఇంకా దూరంలో పడుతుంది. గంటకి 28,000 కిలోమీటర్ల వేగంతో, గాలి అడ్డంలేని ఎత్తున విసిరితే? కాయ కిందికి పడుతున్నంత మేరా గుండ్రటి భూమి కూడా ఒంగిపోతుంటుంది. కాయకి నేల అందదు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఆ కేంద్రం అలాగే గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తోంది. రోజుకి పదహారు సూర్యోదయాలన్నమాట. ఎన్నిసార్లు ముగ్గెయ్యాలో అని ఆవిడ నవ్వారు.

ఇంకో వింత చెబుతాను. అక్కడ ముందు పోతున్న నౌకని అందుకోవాలంటే వేగం పెంచకూడదు, తగ్గించాలి! తగ్గిస్తే మన నౌక కిందికి దిగుతుంది. కిందిదారి చుట్టు చిన్నది, పైగా అక్కడ వేగమూ ఎక్కువ. అలా ముందుకొచ్చి మళ్ళీ పైకెక్కాలి. పుస్తకంలో చదివితే ఒక పట్టాన తలకెక్కని సంగతి, రెండు మధ్యాహ్నాలు ఆడితే చేతికే తెలిసిపోతుంది.

బొమ్మలు బాగుంటేనే లీనమవుతామనుకోనక్కర్లేదు. 1969లో, చంద్రుడి మీద మనిషి దిగిన ఏడాదే, జిమ్ స్టోరర్ అనే అమెరికా హైస్కూలు కుర్రవాడు చంద్రుడి మీద దిగే ఆట రాశాడు. అందులో బొమ్మే లేదు. ఎత్తెంత, వేగమెంత, ఇంధనమెంత అని వట్టి అంకెలు. రేడియో నాటకం వినే మనకి ఇందులో ఆశ్చర్యమేముంది?

ఇక మా ఇంట్లో కుర్చీ తగాదా. రాత్రి భోజనాలయ్యాక కంప్యూటరు ముందు కుర్చీ అబ్బాయిది. ఎవరు నిర్ణయించారంటే ఎవరూ నిర్ణయించలేదు. వాడు లేచాక, నిద్ర రాకపోతే, అమ్మాయిది. అదేవిటని నేను వంతులు వేసి క్యాలెండరు మీద రాశాను. అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు. అత్తయ్యగారు కూడా, "ఆడపిల్లకి ఆ రాకెట్ల గోల ఎందుకే అమ్మాయ్, వాడంటే మగపిల్లాడు" అన్నారు. నేను వాదించలేదు గాని వంతులూ మార్చలేదు. 2021 జూలై 11న మన గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష రోదసీ నౌకలో వెళ్ళొచ్చినప్పుడు పేపరు ఆవిడ ముందు పెట్టానంతే. అదే ఏడాది నవంబరులో తెలంగాణ మూలాలున్న రాజాచారి కమాండరుగా వెళ్ళింది మా పిల్లలు ఆటలో నడిపిన ఆ డ్రాగన్ నౌకలోనే.

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతుంటే మీరందరూ టీవీ చూసే ఉంటారు. 2019లో చివరి నిమిషాల్లో విక్రమ్ కూలిపోయిన సంగతి అత్తయ్యగారి మనసులో ఉంది. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకి 1.68 కిలోమీటర్ల అడ్డ వేగంతో దిగడం మొదలైంది. తెర మీద అవే ఎత్తులు, అవే వేగాలు, మా ఇంట్లో రోజూ చూసే అంకెలే! అడ్డ వేగం పూర్తిగా చావాలి నానమ్మా, అది చావకుండా నేల తగిలితే దొర్లిపోతుంది అని అమ్మాయి చెబుతోంది. 150 మీటర్ల దగ్గర ఆగినప్పుడు గదిలో చప్పుడు లేదు. "ఎందుకాగిందే?" అని అత్తయ్యగారు అడిగింది మనవణ్ణి కాదు, మనవరాలిని. "చోటు చూసుకుంటోంది" అంది అది. 6 గంటల 4 నిమిషాలకి దిగింది. అబ్బాయి ఎగిరి గంతేశాడు. ఆ రాత్రి వంతు ఎవరిదని ఎవరూ క్యాలెండరు చూడలేదు.

మొదలుపెట్టాలనుకునేవారు ఆ ఉచితపు డ్రాగన్ ఆటతోనే మొదలుపెట్టండి. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా చాలు, గడియారం ఎదురుగా పెట్టుకోండి. కళ్ళకి తగిలించుకునే అద్దాల పెట్టెలు కొందరికి కళ్ళు తిప్పుతాయి, వాటి జోలికి ముందే వెళ్ళకండి. మరో మాట, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే కుక్కరు కూత వినపడదు. స్టవ్వు కట్టేసి కూర్చోండి.