తాష్కెంటులో తీరిన తగవు



రచ్చబండయొద్ద కూర్చుండి పొలముగట్టు తగవులను తీర్చినవారు మీలో ననేకులు గలరు. ఇరువురు దాయాదులను చెఱియొక అరుగుమీద కూర్చుండబెట్టి, ఒకనిమాట మఱొకనికి చేరవేయుచు, కఠినముగా నున్నదానిని కొంత మెత్తపఱచి చెప్పుచు, ప్రొద్దుపోవువఱకు నటునిటు తిరుగుట యెంతటి శ్రమయో మీకు నేను చెప్పనక్కఱలేదు. నేడు నేను వినిపింపదలచినది అట్టి తగవు కథయే. అయితే ఈ గట్టు రెండు దేశములనడిమి గట్టు; మధ్యవర్తి యొక మహారాజ్యమునకు ప్రధాని. తగవు తీరినది 1966వ సంవత్సరము జనవరి మాసమున, ఒక్క వారము దినములలో.

తగవు పుట్టుకను క్లుప్తముగా చెప్పెదను. 1965 ఆగస్టు 5వ తేదీ మొదలుకొని పాకిస్తాను పక్షమునుండి ఆయుధధారులు కాశ్మీరములోనికి రహస్యముగా ప్రవేశించిరి. వారు వచ్చు త్రోవను మూయుటకై మన సైనికులు ఆగస్టు 28న హాజీపీరు అను కనుమను పట్టుకొనిరి. ఈ పేరును జ్ఞప్తియందుంచుకొనుడు. కథ మరల దీనియొద్దకే వచ్చును. సెప్టెంబరు 1న పాకిస్తాను సేన ఛాంబు ప్రాంతముపైకి వచ్చెను. 6న మన సేన లాహోరు దిక్కుగా సరిహద్దు దాటెను. 20వ తేదీన ఐక్యరాజ్యసమితి భద్రతామండలి, యుద్ధమాపవలసినదనియు, ఆగస్టు 5కు పూర్వ మెవరెక్కడ నుండిరో వారక్కడికి మరలిపోవలసినదనియు తీర్మానించెను. 23న కాల్పులు నిలిచెను. కాని సైన్యములు మాత్రము ఒకరి నేలమీద నొకరు అట్లే నిలిచియుండెను.

అప్పుడు సోవియట్ యూనియన్ ప్రధానియగు కోసిగిన్ గారు ఇరువురిని తమ దేశమునకు పిలిచిరి. చోటు తాష్కెంటు నగరము. ఆ యూనియన్ 1991లో విడిపోగా ఆ నగరము నేడు ఉజ్బెకిస్తాన్ దేశమునకు రాజధానిగా నున్నది. మొగలాయి వంశమునకు మూలపురుషుడైన బాబరు పుట్టిన అందిజాను పట్టణముగూడ ఆ దేశములోనిదే. జనవరి 3న, సోమవారమునాడు, మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు ఢిల్లీ విడిచిరి. విదేశాంగమంత్రి స్వరణ్ సింగుగారును, రక్షణమంత్రి చవాన్ గారును వెంట నుండిరి. ఆవలిపక్షమున అధ్యక్షుడు అయూబ్ ఖాన్ గారు, విదేశాంగమంత్రి భుట్టోగారు. అయూబ్ ఖాన్ ఆజానుబాహువు, సేనానాయకుడు. శాస్త్రిగారో పొట్టివారు, మృదుభాషి. శాస్త్రి యనునది ఆయన ఇంటిపేరు కాదు; కాశీ విద్యాపీఠమువారిచ్చిన పట్టము. పట్టము పేరులో నిలిచిపోయినవారు మన పల్లెలలోను కలరు గదా!

4వ తేదీన సభ తెఱచిరి. తొలిదినముననే చిక్కు బయటపడెను. ఇకమీద బలప్రయోగము చేయమని ఇరుపక్షములును ప్రతిజ్ఞ చేయవలెనని శాస్త్రిగారి కోరిక. ముందు కాశ్మీరముమాట తేలవలెను, తక్కినవన్నియు తరువాత నని అయూబ్ ఖాన్ గారి పట్టు. కాశ్మీరము బేరమునకు పెట్టు వస్తువు కాదని మనవారు. ఒకరు తలుపు మూసిన చోటనే రెండవవారు తట్టుచుండిరి. ఇట్లు దినములు గడచెను.

ఉద్యోగపర్వములోని రాయబారములను మీరు పురాణకాలక్షేపములలో వినియున్నారు. ద్రుపదుని పురోహితుడు పోయెను, సంజయుడు వచ్చెను, తుదకు శ్రీకృష్ణుడే వెళ్లెను; ఒక్కటియు ఫలింపలేదు. వారందఱును ఒక పక్షము పంపగా పోయినవారే. కోసిగిన్ గారిని ఎవ్వరును పంపలేదు. ఇరువురిని తన యింటికి పిలిచి నడుమ కూర్చున్నవాడాయన. ఆయనకు స్వార్థము లేదని నేననను. చైనాతో వారికి వైరము ముదురుచుండిన కాలమది. దక్షిణమున నిరుగుపొరుగువారు కొట్టుకొనుట వారికి మేలు కాదు. మధ్యవర్తికి తగవు తీరుటవలన కొంత లాభముండుట దోషము కాదని నా యభిప్రాయము. అట్టివాడు అలసిపోక తిరుగును. 9వ తేదీన ఆయన ఒక విడిదినుండి మఱొక విడిదికి పలుమాఱులు తిరిగిరి. 10వ తేదీ సాయంకాలమున ఒప్పందముపై సంతకము లయ్యెను.

దానిలో తొమ్మిది అంశములు గలవు. అన్నింటిని చదువను. ఫిబ్రవరి 25కు లోపల ఇరుపక్షముల సైన్యములు 1965 ఆగస్టు 5కు పూర్వమున్న తావులకు మరలవలెను. యుద్ధఖైదీలను విడువవలెను. హైకమిషనర్లు తమ తమ పదవులకు తిరిగిపోవలెను. ఐక్యరాజ్యసమితి నిబంధనపత్రము ననుసరించి బలప్రయోగము చేయక శాంతిమార్గమున తగవులు తీర్చుకొనవలెను. కాశ్మీరమునుగూర్చి యేమి వ్రాసిరనగా, ఆ విషయము చర్చకు వచ్చెననియు, ఇరువురును తమ తమ వాదములను తెలిపిరనియు మాత్రమే. ఈ వాక్యమును వ్రాసినవాని నేర్పును మీరు గమనింపుడు. అయూబ్ ఖాన్ గారు కాశ్మీరమును గూర్చి మాటాడితినని తన ప్రజలకు చెప్పుకొనవచ్చును. శాస్త్రిగారు ఏమియు విడువలేదని తమ ప్రజలకు చెప్పుకొనవచ్చును. మన కరణములు వ్రాసిన రాజీపత్రములలోను ఇట్టి వాక్యములుండుట నేను చూచితిని.

ఇక హాజీపీరుమాట. ప్రాణములొడ్డి గెలిచిన కనుమను తిరిగి యిచ్చుట ఎట్లు న్యాయమని దేశములో ననేకు లడిగిరి. అది కాశ్మీరరాజ్యములోనిది, మన నేలయే గదా యనిరి. చొరబాటుదారులు వచ్చు త్రోవను మరల తెఱచుట గాదా యనిరి. కేంద్రమంత్రి మహావీర్ త్యాగిగారు దీనికై తమ పదవినే విడిచిరి. ఈ ప్రశ్నలను నేను తేలికగా త్రోసివేయజాలను. సైన్యములో కుమారుని పోగొట్టుకొనిన తల్లి ముందు కూర్చుండి ఆ ఒప్పందమును సమర్థించుట ఎవనికిని సులభము కాదు. అయినను, ఛాంబును పాకిస్తాను విడువవలెను గాని హాజీపీరును మనము విడువమనినచో ఏ మధ్యవర్తి ఒప్పును? సెప్టెంబరు తీర్మానమే వెనుకకు మరలుమని చెప్పియుండెను. ఇచ్చిపుచ్చుకొనుటలో లోపము లేదని నా మతము. లోపము వేఱొకచోట నున్నది. మాఱువేషముతో మనుష్యులను పంపి చేయు యుద్ధమును పేరుపెట్టి నిషేధించిన వాక్య మొక్కటియు దానిలో లేదు. తగవంతయు పుట్టినదే అక్కడ. గట్టు సరిచేసిరి గాని, గట్టు త్రవ్వినవానిచేత మరల త్రవ్వనని పలికింపలేదు.

ఆ రాత్రి విందు ముగిసిన పిమ్మట శాస్త్రిగారు తమ విడిదికి వచ్చిరి. ఢిల్లీలోని ఇంటివారితో టెలిఫోనులో మాటాడిరని వెంటనుండినవారు వ్రాసియున్నారు. తెల్లవాఱకముందే హృద్రోగముచే మరణించిరి. 1964లో ప్రధానియైన కొలదిదినములకే ఆ రోగము ఆయనను పట్టియుండెను. శవపరీక్ష జరుగలేదు, అందువలన ఆయన కుటుంబమువారు వేసిన ప్రశ్నలు నేటికిని నిలిచియున్నవి. మఱునాడు విమానమునకు చేర్చునపుడు ఆ శవపేటికను మోసినవారిలో కోసిగిన్ గారును, అయూబ్ ఖాన్ గారును ఉండిరి. నాలుగు నెలల క్రిందట ఎవనిమీదికి తన సేనలను నడపెనో, వాని పేటికకు భుజమొగ్గిన అయూబ్ ఖాన్ ఆ క్షణమున నేమి తలచెనో!

నే నప్పుడు పలకపట్టుకొని బడికి పోవు బాలుడను. భోగిపండుగకు రెండుదినములు ముందు. పంచాయతీ రేడియోయొద్ద పెద్దలు నిలువబడి వినుచుండిరి, ఒక్కరును మాటాడలేదు. మా తండ్రిగారు ఇంటికి వచ్చి, సోమవారము రాత్రి భోజనము మానుమని చెప్పినాయన పోయెనని మాత్ర మనిరి. కఱవు కాలమున ధాన్యము మిగుల్చుటకై శాస్త్రిగారు దేశమును కోరిన కోరిక అది. మా యింట దానిని పాటించుచుండిరి.

ప్రధాని మరణించినచో మంత్రిమండలి నిలువదు. రాజ్యము ఒక్క దినమైనను ప్రధాని లేక యుండరాదు. కావున రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు పూర్వము ఉపాధ్యక్షులుగా నుండినవారే, 11వ తేదీననే గుల్జారీలాల్ నందాగారిచేత ప్రమాణము చేయించిరి. నెహ్రూగారు 1964లో మరణించినపుడును ఆ భారము నందాగారిమీదనే పడెను. 12న ఢిల్లీలో యమునాతీరమున దహనసంస్కారము జరిగెను. 19న కాంగ్రెసు పార్లమెంటరీ పక్షమువారు వోటు వేయగా ఇందిరాగాంధిగారికి 355, మొరార్జీ దేశాయిగారికి 169 వచ్చెను. 24న ఆమె ప్రధాని యయ్యెను. మన దేశమున అధికారము ఇట్లు చేతులు మాఱుటలో ఒక్క తుపాకియు పేలలేదు. ఆ వారమునుగూర్చి చెప్పువారు తఱచు ఈ మాటను మఱతురు.

పాకిస్తానులోను సంతోషము లేదు. ఒప్పందమునకు విరుద్ధముగా లాహోరులో విద్యార్థులు వీథుల కెక్కిరి. భుట్టోగారు ఆ యేడే పదవినుండి తొలగి అయూబ్ ఖాన్ గారికి ప్రతిపక్షి యయ్యెను. 1969లో అయూబ్ ఖాన్ గారు అధికారము విడువవలసివచ్చెను. 1971 డిసెంబరులో ఇరుదేశములు మరల యుద్ధము చేసెను. 1972 జూలైలో సిమ్లాలో జరిగిన ఒప్పందమునకు ఇందిరాగాంధిగారితో కూర్చుండినవారు ఆ భుట్టోగారే. ఈసారి నడుమ మధ్యవర్తి లేడు.

తాష్కెంటు మాట మాత్రము చెల్లెను. ఫిబ్రవరి 25 గడువునకు ఇరుసేనలును వెనుకకు మరలెను. లాహోరు దిక్కున నుండినవారు తిరిగివచ్చిరి. ఛాంబు మనకు వచ్చెను. హాజీపీరునుండి మన సైనికులు దిగివచ్చిరి. ఆ కనుమ నేటికిని పాకిస్తాను వశముననే యున్నది.