పిలిస్తే పలికే పేరు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన స్కాలర్‌షిప్పులతో చదువు ముగించి ఉద్యోగాలకు వెళ్ళబోతున్న పిల్లలు ముందు వరుసల్లో ఉన్నారు. "నలుగురిలో ఎలా కనబడాలో వీళ్ళకు కాస్త చెప్పండి" అని కార్యదర్శి గారు నన్ను కోరారు. ఈ విషయం మాట్లాడే అర్హత నాకు ఒక తప్పు చేయడం వల్ల వచ్చింది. ముందు ఆ తప్పే చెబుతాను.

నేను తెలుగు మీడియంలో చదివి, హైదరాబాదులో ఒక కంపెనీలో అమ్మకాల విభాగంలో చేరాను. మొదటి వారంలోనే పై అధికారి "నీ పేరు కస్టమర్లకు నోరు తిరగదు" అని రెండక్షరాల ముద్దుపేరు పెట్టాడు. వింటే ఏ మతంవాడో తెలియని పేరు. నేను కాదనలేదు. పైగా లోలోపల సంతోషించాను. విజిటింగ్ కార్డు మీద అదే అచ్చయింది. ఊరడిగితే జిల్లా కేంద్రం పేరు చెప్పేవాణ్ణి. నాన్నగారు ఏం చేస్తారంటే "బిజినెస్" అనేవాణ్ణి. ఆయన సైకిళ్ళు బాగుచేసేవారు.

మూడో ఏడు, చెల్లెలి నిఖా ఖాయమైందని స్వయంగా చెప్పడానికి ఆయన మా ఆఫీసుకు వచ్చారు. గేటు దగ్గర నా పేరు చెప్పారు. వాచ్‌మన్ లోపలికి ఫోన్ చేసి, "ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు పెద్దాయనా" అన్నాడు. ఆయన రెండు గంటలు ఎండలో నిలబడ్డారు. నేను భోజనానికి బయటికి వచ్చేసరికి వెనకనుంచి తోటి ఉద్యోగి నన్ను ఆ ముద్దుపేరుతో పిలిచాడు. నేను తిరిగి పలికాను. నాన్నగారు అది చూశారు.

నన్ను ఒక్క మాటా అనలేదు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు మాత్రం, "బేటా, నీది మీ దాదా పేరు. ఆ పేరు చెబితే బజారులో అప్పు పుట్టేది" అన్నారు.

మరుసటి నెల కొత్త కార్డులు అడిగాను. అధికారి విసుక్కున్నాడు. ఒక కస్టమర్ ఆర్డర్లివ్వడం మానేశాడు. అది దాచను. మిగిలినవాళ్ళు మాత్రం "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన, "పేరే దాచావు, ధరలో ఏం దాచావో!" అని నవ్వుతూనే అన్నాడు. ఆ మాట నాకు ఈనాటికీ గుచ్చుకుంటుంది.

సొంత పేరుతో పైకి రాలేమా? షేక్ చిన మౌలానా గారిని గుర్తు చేసుకోండి. 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో, నాదస్వర విద్వాంసుల ఇంట పుట్టారు. తంజావూరు బాణీ మీది ఇష్టంతో తమిళనాడు వెళ్ళి నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఊరు కొత్త, భాష కొత్త. వాయించేది ఆలయ వాద్యం. అయినా పేరు మార్చుకోలేదు. పద్మశ్రీ ఆ పేరుకే వచ్చింది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదూ ఆ పేరుకే వచ్చింది. ఏళ్ళ తరబడి చేసిన సాధనే జనానికి ఆయన్ను చూపించింది.

ఉన్నది దాచకపోవడం ఎంత ముఖ్యమో, లేనిది చూపకపోవడమూ అంతే ముఖ్యం. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూసిన సంగతి మీకు తెలుసు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. ఆ తడి గింజలను అందరికీ కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని నిలదీశారు. బయోడేటా కూడా అలాంటి రాశే. డబ్బు తీసుకుని దొంగ అనుభవ పత్రాలు ఇప్పించేవాళ్ళు నగరాల్లో ఉన్నారు. కంపెనీలు చేరిన తరువాత కూడా విచారణ చేయిస్తాయి. తడి బయటపడితే ఆ ఉద్యోగం పోవడమే కాదు, తరువాతి చోట మన మాట కూడా చెల్లదు.

అందుకని పిల్లలూ, పేరు పూర్తిగా రాయండి, స్పష్టంగా పలకండి. వాళ్ళకు నోరు తిరగకపోతే ఓపికగా రెండుసార్లు చెప్పండి. నాన్న దుకాణంలో లెక్కలు రాశారా? సెలవుల్లో ట్యూషన్లు చెప్పారా? అది అనుభవమే, సిగ్గుపడకుండా రాయండి. అడిగింది తెలియకపోతే "తెలియదు, నేర్చుకుంటాను" అనండి. ఆ తరువాత నిజంగా నేర్చుకోండి. గడ్డమూ స్కార్ఫూ మీ ఇష్టం. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు, చెప్పిన వేళకు పది నిమిషాల ముందు చేరడం మాత్రం తప్పనిసరి. ఇంగ్లీషు తడబడితే తడబడనివ్వండి. ఎవరి యాసనో అరువు తెచ్చుకుంటే మొదటి కష్టమైన ప్రశ్నకే అది జారిపోతుంది.

ఇక దాతలకు ఒక విన్నపం. మీరు ఫీజులు కట్టారు, పుస్తకాలు కొనిచ్చారు. ఇప్పుడు అడిగేది డబ్బు కాదు. మీలో దుకాణాలు, మిల్లులు, ఆసుపత్రులు, ఆడిటు ఆఫీసులు నడిపేవాళ్ళున్నారు. సెలవుల్లో ఒక్కొక్కరు ఒక విద్యార్థిని నెల రోజులు పనిలో పెట్టుకోండి. నెలాఖరున మీ లెటర్‌హెడ్ మీద మీరు చూసినది రాసివ్వండి. జాలిపడి ఎక్కువ రాయకండి, మొహమాటపడి తక్కువ రాయకండి. ఈ పిల్లల్లో చాలామందికి బజారులో పేరున్న దాదాలు లేరు. మీరు రాసే ఆ నాలుగు వాక్యాలే వాళ్ళకు పుట్టే మొదటి అప్పు. దాన్ని తీర్చే బాధ్యత వాళ్ళది.

మా నాన్నగారు ఇప్పుడు లేరు. నా ఆఫీసు గేటు దగ్గర ఈ రోజు ఎవరైనా నా పేరు చెబితే వాచ్‌మన్ దారి చూపిస్తాడు. మన పిల్లల కోసం వచ్చే ఏ తండ్రీ, ఏ తల్లీ గేటు బయట నిలబడిపోకుండా అల్లాహ్ కాపాడుగాక. మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.