ట్రిపుల్ జంప్: మన పిల్లలకు కావలసింది పొగడ్త కాదు, శిక్షణ

(సంఘం వార్షికోత్సవ సభలో క్రీడా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు ఆటల్లో గెలిచినప్పుడల్లా ఒక మాట వింటుంటాం. "అడవి బిడ్డలు కదా, పరుగు, గెంతు రక్తంలోనే ఉంటాయి" అని. ప్రేమతోనే అంటారు. కానీ దాని వెనక ఇంకో మాట దాగి ఉంది. వీళ్లకు కోచ్ అక్కర్లేదు, మంచి బూట్లు అక్కర్లేదు, ఇసుక గుంట అక్కర్లేదు, పోటీ రోజున తీసుకెళ్లి నిలబెడితే చాలు అని. ఆ పొగడ్త మనకు వద్దని ఈ సభలో చెప్పదలచుకున్నాం. ఉదాహరణకు ట్రిపుల్ జంప్‌నే తీసుకుందాం.

ట్రిపుల్ జంప్ అంటే పరుగెత్తుకొచ్చి వరసగా మూడు గెంతులు గెంతి ఇసుకలో పడటం. మొదటిది హాప్. ఏ కాలితో లేచామో ఆ కాలి మీదే దిగాలి. రెండోది స్టెప్. అప్పుడు రెండో కాలి మీదకు మారాలి. మూడోది జంప్. అది నేరుగా ఇసుకలోకి. ఎడమ కాలితో లేచే బిడ్డకు వరస "ఎడమ, ఎడమ, కుడి, ఇసుక". వాగు దాటేటప్పుడు ఏ పిల్లవాడూ ఇలా దాటడు. నేర్పితేనే వచ్చే విద్య ఇది.

కొత్తగా ప్రయత్నించే పిల్లలు హాప్‌ను వీలైనంత ఎత్తుకు లేపుతారు. అంత ఎత్తు నుంచి ఒంటికాలి మీద పడేసరికి మోకాలు కుంగుతుంది, స్టెప్ చిన్నదైపోతుంది, వేగం పోతుంది. 12 మీటర్లు దూకే బిడ్డ హాప్‌కు 4.2, స్టెప్‌కు 3.6, జంప్‌కు 4.2 మీటర్లు పంచుకుంటే అది మంచి పంపకం. హాప్ పైకి కాదు, ముందుకు సాగాలి. మడమతో బ్రేకు వేసినట్టు దిగకుండా, అరికాలంతా ఆనించి నేలను వెనక్కి తోయాలి. అడుగుల చప్పుడు సమంగా వినపడాలి.

ఇక్కడ మన సంస్కృతి పనికొస్తుంది. డోలు కొట్టే అన్నను మైదానానికి పిలిచి సమమైన దెబ్బలు వేయించండి. ఆ లయకు గెంతితే స్టెప్ ఎక్కడ తగ్గుతోందో పిల్లల చెవికే తెలుస్తుంది. అయితే లయ కూడా పుట్టుకతో రాదు. గుస్సాడి అయినా, థింసా అయినా పెద్దల దగ్గర నేర్చుకున్నవే. మర్లవాయి కనకరాజు గారిని 2021లో పద్మశ్రీ వరించిందంటే, గుస్సాడిని ఆయన ఏళ్ల తరబడి ఆడి, పిల్లలకు నేర్పినందుకే.

ఇక మా అసలు భయం చెబుతాం. పెద్ద క్రీడాకారులు దూకేటప్పుడు ఒంటికాలి మీద పడే భారం ఒంటి బరువుకు పది రెట్లు దాటుతుంది. ఎముకలు ఇంకా పెరుగుతున్న 13 ఏళ్ల బిడ్డను గట్టి నేల మీద రోజూ గెంతిస్తే మడమ, మోకాలు, నడుము దెబ్బతింటాయి. కుంటుతూ ఇంటికొచ్చిన బిడ్డను మళ్లీ మైదానానికి పంపమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఎదిగిన వాళ్లకే తప్పలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో 19 ఏళ్ల హెన్రీ రెబెల్లో ట్రిపుల్ జంప్ ఫైనల్‌ దాకా వెళ్లారు. ఒళ్లు సరిగా వేడెక్కకుండానే దూకాల్సి వచ్చి, మొదటి ప్రయత్నంలోనే తొడ వెనక కండరం దెబ్బతిని వెనుదిరిగారు.

అందుకే మేము కోరే పద్ధతి ఇది. 12, 13 ఏళ్లలో తాడాట, పరుగు, చిన్న హర్డిల్స్, గడ్డి మీద తేలికపాటి గెంతులు చాలు. 14, 15 ఏళ్లలో ఆరు నుంచి ఎనిమిది అడుగుల పరుగుతో మూడు గెంతుల వరస నేర్పాలి. పూర్తి పరుగు ఆ తర్వాతే. గెంతుల శిక్షణ వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. ఎన్నిసార్లు పాదం నేలకు తగిలిందో పుస్తకంలో రాయాలి, నెలనెలా కొద్దికొద్దిగానే పెంచాలి. నొప్పి అన్న రోజు గెంతు లేదు.

టేకాఫ్ బోర్డు సంగతి కూడా. అంతర్జాతీయ పోటీల్లో అది ఇసుక గుంటకు మగవారికి 13 మీటర్లు, ఆడవారికి 11 మీటర్ల దూరంలో ఉంటుంది. మన చిన్న పిల్లలకూ అదే కొలత పెడితే ఇసుకకు చేరక గట్టి నేల మీద పడతారు. వాళ్లకు 7 మీటర్ల దగ్గరో 9 మీటర్ల దగ్గరో గీత గీయండి. ఇసుకను ముందే తవ్వి, తడిపి, చదును చేయండి.

శిక్షణకు ముందు రక్త పరీక్ష చేయించండి. రక్తహీనత ఉన్న ఆడపిల్లకు ముందు మందు, తిండి, తర్వాతే కసరత్తు. సికిల్ సెల్ మన గూడేల్లో ఉన్న జబ్బు. ఆ లక్షణం ఉన్న బిడ్డకు ఎండలో నీళ్లు, విరామం మరింత అవసరమని కోచ్‌కు తెలిసి ఉండాలి.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎల్దోస్ పాల్ 17.03 మీటర్లతో స్వర్ణం, అబ్దుల్లా అబూబకర్ 17.02తో రజతం తెచ్చారు. తేడా ఒక్క సెంటీమీటరు. ఇద్దరూ కేరళవారే. అది రక్తమని ఎవరూ అనలేదు. బడి మైదానాల నుంచే మొదలయ్యే శిక్షణ అన్నారు. మన మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో నెలల తరబడి నేర్చుకుని ఎక్కింది.

కాబట్టి ఈ సభ నుంచి మూడు కోరుతున్నాం. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఒక మంచి ఇసుక గుంట. గెంతులు నేర్పడం తెలిసిన ఒక్క ఉపాధ్యాయుడైనా, ఉపాధ్యాయురాలైనా. పతకం కోసం తొందరపెట్టకుండా నాలుగేళ్ల ఓపిక. గుంట తవ్వడానికి పారలు పట్టుకుని మేమే వస్తాం.

రేపు మన బిడ్డ పతకంతో వచ్చినప్పుడు "రక్తంలోనే ఉంది" అనకండి. "ఎవరు నేర్పారమ్మా?" అని అడగండి. ఆ బిడ్డ చెప్పడానికి ఒక పేరు ఉండాలి.