ఉల్లిగడ్డ: కాటా మీద తూకం, కంచంలో పోషకం



మన విరూర్ వైపు మరాఠీలో కాందా అన్నా, తెలుగులో ఉల్లిగడ్డ అన్నా పంట ఒక్కటే. రకాలు మాత్రం వేరు. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు వస్తుందన్నదే కాదు, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, తిన్నవారికి ఏమిస్తుంది అన్నది కూడా చూసి రకం ఎంచుకోవాలి.

పుణె జిల్లా రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ భీమా రకాలను రూపొందించింది. వానాకాలంలో వేసే భీమా సూపర్, భీమా డార్క్ రెడ్ ఎకరానికి 80 నుంచి 90 క్వింటాళ్లు ఇస్తాయి. యాసంగిలో భీమా కిరణ్, భీమా శక్తి సుమారు 120 క్వింటాళ్ల దాకా వస్తాయి. వానాకాలపు గడ్డ ఎక్కువ రోజులు ఆగదు, తవ్విన వెంటనే అమ్ముకోవాలి. యాసంగి గడ్డ బాగా ఆరబెడితే 5, 6 నెలలు నిలుస్తుంది. మంచి ధర కోసం ఆగాలంటే ఈ గడ్డే పనికొస్తుంది.

ఇక సాంబారులో వేసే చిన్న ఉల్లి. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయపు మేలు రకాలు 90 రోజుల్లో ఎకరానికి 70 క్వింటాళ్లకు పైగా ఇస్తాయి. అయితే విత్తనానికే సుమారు 6 క్వింటాళ్ల గడ్డలు కావాలి. పెద్ద ఉల్లికి 3, 4 కిలోల విత్తనం చాలు.

పోషకాల సంగతి చూద్దాం. 100 గ్రాముల పెద్ద ఉల్లిలో మాంసకృత్తులు 1.2 గ్రాములు, చిన్న ఉల్లిలో 1.8 గ్రాములు. చిన్నదాంట్లో నీరు తక్కువ, సారం ఎక్కువ. విటమిన్ సి మాత్రం పెద్ద ఉల్లిలోనే ఎక్కువ. ఎకరం లెక్కన చూస్తే, పెద్ద ఉల్లి 120 క్వింటాళ్లలో మాంసకృత్తులు 144 కిలోలు, చిన్న ఉల్లి 73 క్వింటాళ్లలో 131 కిలోలు. తూకంలో అంత తేడా ఉన్నా, ఇక్కడ తేడా కొద్దిపాటిదే.

ఎర్ర ఉల్లిలో మేలుచేసే క్వెర్సెటిన్ అనే పదార్థం ఉంటుంది. తెల్ల ఉల్లిలో అది దాదాపు ఉండదు. పై పొరల్లోనే ఎక్కువ కనుక, అక్కచెల్లెళ్లు ఎండిన పొట్టు మాత్రమే తీయండి.

మన నల్లరేగడిలో వానాకాలం నీరు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది. ఎత్తు మడులు తప్పనిసరి. యాసంగిలో తవ్వడానికి 10, 15 రోజుల ముందు నీరు ఆపండి. ఆకుతోనే 3 రోజులు పొలంలో ఆరనిచ్చి, అంగుళం కాడ ఉంచి కోసి, 10, 12 రోజులు నీడలో ఆరబెట్టండి.

అమ్మకానికి యాసంగి ఎర్ర ఉల్లి, ఇంటివాడకానికి రెండు మడుల చిన్న ఉల్లి వేసుకుంటే కాటాకూ, కంచానికీ న్యాయం చేసినవారవుతారు.