బిళ్లగన్నేరు మందు, కాళ్ల నీరసం: కణంలో సైటోస్కెలిటన్ ఏం చేస్తుంది?

ఈ ఎపిసోడ్ మా పిన్ని అడిగిన ప్రశ్న నుంచి పుట్టింది. వాళ్ల బాబుకి ఏడేళ్లు, లుకేమియా. విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ ఇస్తున్నారు. కొన్ని వారాలకి వాడు పాదం ఎత్తలేక, చెప్పు నేలకి రాసుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. "జబ్బు రక్తంలో ఉంటే కాళ్లకేమైందిరా?" అంది పిన్ని.

స్కూల్ బుక్‌లో కణం బొమ్మ గుర్తుందా? సంచిలో నీళ్లు, మధ్యలో కేంద్రకం తేలుతున్నట్టు ఉంటుంది. నిజానికి లోపలంతా ప్రోటీన్ దారాలే. అదే సైటోస్కెలిటన్. సుమారు 7 నానోమీటర్ల యాక్టిన్ దారాలు కణం కదలడానికి. కెరాటిన్ లాంటి తాళ్లు లాగుడు తట్టుకోవడానికి. ఆ రెండూ ఇంకో రోజు చెప్తా. ఇవాళ మనకి కావలసింది మైక్రోట్యూబ్యూల్. 25 నానోమీటర్ల వెడల్పున్న బోలు గొట్టం. ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ ఇటుకల్లా పేర్చుకుంటూ పెరుగుతుంది, నిమిషాల్లో మళ్లీ ఊడిపోతుంది. దీన్ని అస్థిపంజరం అనడం నాకు నచ్చదు. పెళ్లిపందిరి అంటే నయం, వేస్తారు, తీస్తారు.

కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు చేర్చేది ఈ గొట్టాలే. విన్‌క్రిస్టిన్ ట్యుబ్యులిన్‌కి అతుక్కుని గొట్టం కట్టుకోనివ్వదు. విభజన మధ్యలో ఆగిపోయి క్యాన్సర్ కణం చస్తుంది. ఈ మందు మన వాకిట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిందే. (అలాగని ఆకులు నమిలేరు, విషం!)

మరి నాడీకణాలు విడిపోవు కదా, వాటికేం నష్టం? వాటికి ఈ గొట్టాలే రోడ్లు. కాలిని కదిలించే నాడీకణం వెన్నుపాములో ఉంటుంది, దాని తోక కాలి కండరం దాకా వెళ్తుంది. అక్కడికి కావలసిన సరుకులో చాలాభాగం పైనుంచే రావాలి. మోసుకొచ్చేది కైనెసిన్ అనే ప్రోటీన్, అడుగుకి 8 నానోమీటర్లు. అర మీటరు దూరమనుకున్నా 6 కోట్లకు పైగా అడుగులు! రోడ్డు పాడైతే ముందు సరుకు అందనిది చివరి ఊరికే. అందుకే పాదాలు, వేళ్లు ముందు దెబ్బతింటాయి.

పిన్నికి ఇదే చెప్పి, "మందు మీరే ఆపెయ్యకండి, డాక్టర్‌కి వెంటనే చెప్పండి" అన్నాను. డోసు తగ్గించారు, ఫిజియోథెరపీ నడుస్తోంది. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చన్నారు. పక్కనుంచి అంతా విన్న మా వాడి డౌటు మాత్రం వేరే: "అన్నా, అంత నడిస్తే కైనెసిన్‌కి ఆకలెయ్యదా?"

వేస్తుందిరా. అడుగుకో ఏటీపీ తింటుంది.