భూగర్భమందలి రాగి: దాని వెల యెంత, అది యెవరి సొత్తు?

(రాజమహేంద్రవరమున నొక పఠనాలయ సభలో నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



మన గోదావరీ మండలమునకు కీర్తి దెచ్చిన తామ్రశాసనములలో నందంపూడి శాసనమొకటి. రాజరాజనరేంద్రుడు 1053 ప్రాంతమున నారాయణభట్టునకు అగ్రహారమిచ్చుచు చెక్కించిన రేకులవి. ఇచ్చిన రాజు లేడు. పుచ్చుకొన్న పండితుడు లేడు. రాగి మాత్రము నిలిచియున్నది. తాటియాకును చెదలు తినును, ఇనుమును త్రుప్పు తినును. తరతరములకు సాక్ష్యము కావలసినపుడు మన పూర్వులు ఈ లోహమునే యేల యెన్నుకొనిరో దీనివలన తెలియుచున్నది.

ఇట్టి లోహము దేశముయొక్క భూగర్భమున నున్నపుడు దాని వెల యెంత? ఇది వర్తకుల ప్రశ్నగా కనబడును గాని, విచారించినచో వారసత్వపు ప్రశ్నయని తేలును. చిరకాలముగా పంపకాల దావాలు నడపినవాడను గావున దీనిని ఆ దృష్టితోనే మీ యెదుట నుంచుచున్నాను.

మొదట నొక భ్రమను తొలగించుకొనవలెను. భూమిలోని ఖనిజము ఇనుపపెట్టెలో లెక్కపెట్టి దాచిన రూకలవంటిది కాదు. పల్నాటి సీమలో వినుకొండకు చేరువ అగ్నిగుండాల యను గ్రామము కలదు. అచ్చటి రాగిగనులను గూర్చి బెంజమిన్ హైన్ అను వైద్యుడు 1814లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసియున్నాడు. స్వాతంత్ర్యానంతరము 1967లో హిందూస్థాన్ కాపర్ సంస్థ యేర్పడినపుడు, దానికప్పగించిన పనులలో రాజస్థానమందలి ఖేత్రితోపాటు అగ్నిగుండాలయు నొకటి. అయినను ఆ ప్రాంతము మరియొక ఖేత్రి కాలేదు. కొండ కదలలేదు, రాయి మారలేదు. కాని యొక కాలమున గనియనిపించుకొన్నది మరియొక కాలమున గిట్టుబాటు కాని రాయిగా మిగులుచున్నది.

దీనికి విరుద్ధమైన నిదర్శనమును కలదు. అమెరికాలోని యూటా రాష్ట్రమున బింగ్‌హామ్ లోయలో నూటికి రెండుపాళ్లు మాత్రమే రాగి గల రాతిని పెక్కుమంది పనికిమాలినదనిరి. 1906లో యంత్రములతో కొండనే పైనుండి త్రవ్వ నారంభింపగా అదియే ప్రపంచప్రసిద్ధమైన గని యయ్యెను. కావున నిక్షేపమనగా రాయి యొక్కటియే కాదు. ఆ రాయియు, దానిని కరగించు విద్యయు, నాటి బజారు ధరయు కలిసి నిక్షేపమగుచున్నవి.

ఇక ధరమాట వినుడు. లండన్ విపణిలో టన్ను రాగి 2001 చివర 1,400 డాలర్లకు లోపుండెను. 2006 మే నెలలో 8,000 దాటెను. 2008 డిసెంబరునకు 3,000కు దిగువ పడెను. 2011 ఆరంభమున 10,000 మించెను. పదియేండ్లలో ఒకే రాయి వెల యేడురెట్లు పెరిగినది, నడుమ నేలకొరిగినది. ఏ మంత్రిగారి జ్యోతిషము దీనిని ముందుగా చెప్పగలిగెను?

అట్లయిన ధర పెరుగునను నాసతో త్రవ్వక దాచుదమా? దాచుటయు క్షేమము కాదు. చిలీ దేశమునకు నత్రజని యుప్పు ఒకప్పుడు కల్పవృక్షము. 1913లో జర్మనీ దేశీయులు గాలినుండియే ఎరువు చేయు కర్మాగారమును నెలకొల్పిరి; అటుపిమ్మట ఆ యుప్పునకు పూర్వవైభవము లేదు. 1980లో పాల్ ఎర్లిక్, జూలియన్ సైమన్ అను నిరువురు విద్వాంసులు రాగితో గూడ నైదు లోహముల ధరపై పందెము వేసికొనిరి. లోకమున జనము పెరుగుచున్నది గావున లోహముల ధర పెరుగునని యొకరు, పెరుగదని మరియొకరు. 1990 నాటికి పెరుగదన్నవాడే గెలిచెను. తరువాతి కాలమున ధర పెరిగినమాటయు నిజమే. నీతి యేమనగా, ముందు చూడలేనివాడు చూచినట్లు నటింపరాదు.

మరి ధర తెలియనిచో ధర్మమైనను తెలియదా? తెలియును. మన మితాక్షర న్యాయమున పిత్రార్జితముపై పుత్రునకు పుట్టుకతోనే హక్కు కలదు. 2005 సవరణతో పుత్రికకును కలిగినది. మైనరు ఆస్తిని నిర్వహించువాడు అవసరమునకో, ఆస్తి క్షేమమునకో తప్ప దానిని అన్యాక్రాంతము చేయరాదని 1856లో హనుమాన్ ప్రసాద్ వ్యాజ్యెమున ప్రీవీ కౌన్సిలు నిర్ణయించినది. పొలమమ్మి పొలము కొన్నవాడు కర్త. పొలమమ్మి విందుచేసినవాడు ఇల్లు గుల్లచేసినవాడు. ఖనిజమునకు ఈ ధర్మమేల వర్తింపరాదు?

2024 జులై 25న సుప్రీముకోర్టుయొక్క తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము రాయల్టీ పన్ను కాదనియు, గని హక్కు ననుభవించుటకై గుత్తదారు యజమానికి చెల్లించు ప్రతిఫలమనియు తీర్పుచెప్పినది. తీర్పు అంతవరకే. దానినుండి నేను తీయు ఫలితార్థమిది: ప్రతిఫలమైనచో అది సొత్తు తరుగుటకు బదులుగా వచ్చిన ధనము, సొత్తు తరిగినపుడు వచ్చిన ధనము మూలధనమే గాని ఫలసాయము కాదు. దానిని ఏటేట జీతములకును, ఎన్నికల వరములకును వెచ్చించుట కూర్చుండి తినుటయే. కూర్చుండి తినిన కొండలైనను కరగునన్న సామెత రాగికొండలకు అక్షరాల సరిపోవును.

జాంబియా ప్రభుత్వము 1969లో గనులలో అధికభాగమును స్వాధీనము చేసికొనుటకు నిశ్చయించెను. 1975 నాటికి ధర పడగా దేశము అప్పులపాలయ్యెను. చిలీ 1971లో గనులను జాతీయము చేసెను. 2007లో స్థిరీకరణ నిధి నేర్పరచి, ధర హెచ్చిన యేండ్ల మిగులును అందు కూర్చి, 2009నాటి మాంద్యమున దానినుండి తీసి ప్రజలను ఆదుకొనెను. రెండును రాగి దేశములే, రెండును స్వాధీనము చేసికొన్నవే. తేడా రాగిలో లేదు, లెక్కలో ఉన్నది.

మనకు దూరదేశపు నిదర్శనములే యక్కరలేదు. 2014 ఏప్రిల్ 21న గోవా యినుప ఖనిజపు వ్యాజ్యెమున సుప్రీముకోర్టు, భావితరముల హక్కును తలచి, విక్రయధనమున పదవవంతుతో శాశ్వతనిధి యేర్పరుపుమని యాజ్ఞాపించెను.

సోదరులారా, మన డెల్టాక్రింద రాగి లేదు, వాయువున్నది. రాగి నూరుమార్లు కరగించినను రాగియే. మీ యింటి పాత బిందె తూకమునకు పోయి, తణుకు చెంత అజ్జరపు పనివారి చేతిలో మరల బిందె కావచ్చును. వాయువు ఒక్కమారు మండినచో పోయినదే. పోనిచ్చిన వెనుక తిరిగిరాని సొత్తుకు మరింత జాగరూకత వలదా? సముద్రగర్భమున 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైన కె.జి. డి-6 క్షేత్రము 2010లో ఉచ్చస్థితి నంది, పిమ్మట శీఘ్రముగా తగ్గిపోయెను. రాజ్యాంగపు 297వ అధికరణము ననుసరించి సముద్రగర్భ ఖనిజము కేంద్రమునకు చెందును. దాని రాయల్టీయు నచ్చటికే పోవును. ఆపద మాత్రము తీరమున నుండును. 1995లో పాశర్లపూడి బావి రెండునెలలకు పైగా మండెను. 2014 జూన్ 27న నగరము గ్రామమున గొట్టము పగిలి నిద్రలోనున్న జనము ఆహుతియయ్యెను.

2015 సవరణతో గనుల చట్టమున జిల్లా ఖనిజ నిధులేర్పడినవి. ఆ చట్టము చమురునకును వాయువునకును వర్తింపదు. అట్టి నిధి కోనసీమకును కావలెనని మనము కోరవలెను. తరుగుచున్న నిక్షేపమునకు ప్రతిగా ఏ బడి, ఏ కాలువ, ఏ వైద్యశాల లేచినదో యేటేట లెక్క ప్రకటింపుమని కోరవలెను. ఆ లెక్కలను ఈ పఠనాలయపు బల్లపై నుంచి, పత్రికవలెనే చదువవలెను. ఇంకను పుట్టని మైనరుల పక్షమున వకాలతునామా పుచ్చుకొనువారు లేరు. మనమే పుచ్చుకొనవలెను.